ఇరవై ఒకటా, ఇరవై ఏడా? నా చేతిరాత దిద్దుబాటు డైరీ

జూన్ 9

నైట్ డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, స్నానం చేసి నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. పొద్దున నా దగ్గర వార్డు అప్పగింతలు తీసుకున్న జూనియర్. "అక్కా, ఆరో బెడ్ సెలైను ఇరవై ఒక్క చుక్కలా, ఇరవై ఏడా? ఎంత చూసినా తేలట్లేదు."

ఇరవై ఏడు. మా వార్డులో సెలైను ఎక్కించడానికి వాడే సెట్‌కి మి.లీ.కి 20 చుక్కలు. 500 మి.లీ. సీసా నిమిషానికి 27 చుక్కల లెక్కన ఆరు గంటల పది నిమిషాల్లో అయిపోతుంది. అదే 21 పెడితే దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి సరిపోయింది, పేషెంటుకి ఏమీ కాలేదు. కానీ వార్డు కిటకిటలాడుతూ, ఫోను తీసే తీరిక కూడా లేని రోజులుంటాయి. అలాంటి రోజున తనకి తోచిన అంకె పెట్టేస్తుంది. అప్పుడు తప్పు నాదే అవుతుంది. పదిహేడేళ్లుగా నర్సు ఉద్యోగంలో ఉన్నాను. ఏడుకి ఒక అడ్డగీత పెట్టే అలవాటు కూడా చేసుకోలేదు.

ఇక నిద్ర పట్టలేదు. సాయంత్రం లేచి ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఇంగ్లిష్ పేపర్లోంచి 200 మాటలు, డ్యూటీలో రాసే వేగంతోనే తెల్లకాగితం మీద ఎత్తి రాశాను. అసలు వార్త చూపించకుండా ఆ కాగితం మా అమ్మాయి చేతికిచ్చి పైకి చదవమన్నాను. తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ బాగానే చదువుతుంది. పదిహేడు చోట్ల ఆగింది. ఆగిన ప్రతిచోటా ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను. 'ఎన్' కాస్తా 'యు' లా కనబడి ఆరుసార్లు. 'ఎ' నెత్తిన నోరు తెరుచుకుని 'యు' అయిపోయి నాలుగుసార్లు. 'ఆర్', 'వి' కలిసిపోయి మూడు. 'ఇ', 'ఐ' తేడా లేక రెండు. అంకెలు రెండు.

వేగం నిమిషానికి 26 మాటలు. ఈ రెండు లెక్కలూ, పదిహేడూ ఇరవయ్యారూ, డైరీ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

జూన్ 12

నా రాత చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో కర్సివ్ రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఆ కాగితాలు అమ్మ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో అక్షరం చుట్టూ తిరిగి, మెలి పడి, పక్కదానితో చెయ్యి కలుపుతుంది. నిదానంగా రాస్తే చూడముచ్చటగా ఉంటుంది. వేగం పెరిగితే ముందుగా కూలేది దాని వంపులే. 'ఎన్' కి ఉండాల్సిన గుండ్రటి భుజం జారిపోయి గాడిలా మిగులుతుంది. నాకు జరిగింది ఇదే.

పెద్దక్షరాల్లో రాయడం ఒక దారి. 2016లో అప్పటి మెడికల్ కౌన్సిల్ డాక్టర్లకి మందుల జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని నిబంధన తెచ్చింది. మందు పేర్లు నేనూ అలాగే రాస్తాను. కానీ రాత్రంతా పేషెంటు ఎలా ఉన్నాడో చెప్పే నోట్సు మొత్తం పెద్దక్షరాల్లో రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. పైగా అన్ని అక్షరాలూ ఒకే ఎత్తులో ఉంటే కంటికి ఆనవాలు దొరకదు.

నాకు కావాల్సింది వేగంలో కూడా చెదరని రాత. వెతగ్గా వెతగ్గా ఇటాలిక్ తగిలింది. ఇప్పటిదాకా అది కంప్యూటర్లో అక్షరాన్ని పక్కకి వంచే మీట అనుకున్నాను. అసలు అది చేతిరాత. 15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్‌లో నికోలో నికోలి అనే పండితుడు పుస్తకాలు గబగబా ఎత్తి రాసుకోవడానికి వాడిన రాత అది. అక్కణ్నించి పోప్ కార్యాలయంలో ఉత్తరాలు రాసే గుమాస్తాల చేతికి వెళ్లింది. ఆ గుమాస్తాల్లో ఒకడు లుడోవికో అర్రీగీ. ఈ రాతని మామూలు జనానికి నేర్పే చిన్న పుస్తకాన్ని చెక్క అచ్చులతో వేయించాడు, దాని మీదున్న సంవత్సరం 1522. అచ్చు అక్షరాల్లో ఇటాలిక్ అంతకు ముందే, 1501లో, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ వేసిన పుస్తకంతో వచ్చేసింది. 20వ శతాబ్దంలో ఇంగ్లండులో దీన్ని మళ్లీ బళ్లలోకీ ఇళ్లలోకీ తెచ్చిన ఆల్‌ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ కూడా నౌకాదళ శాఖలో ఉద్యోగే.

నాకు ఈ చరిత్రలో నచ్చింది ఒక్కటే. ఇది ఫైళ్లు పేరుకుపోయిన బల్లల దగ్గర పుట్టిన రాత. నా బల్లా అలాంటిదే.

జూన్ 16

కలం కొనేముందు రెండు పెన్సిళ్లు పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు చుట్టాను. రెండు ములుకులూ కలిసి ఒక వెడల్పాటి పాళీలా పనిచేస్తాయి. పాళీ ఎటు తిరిగిందో రెండు గీతల మధ్య ఖాళీయే చెప్పేస్తుంది. రహస్యమంతా ఇక్కడే ఉంది. ఇటాలిక్‌లో పాళీ అంచు ఎప్పుడూ గీతకి 45 డిగ్రీల కోణంలో ఉండాలి. అక్షరం ఎటు తిరిగినా చేతిలో కలం మాత్రం తిరగకూడదు. సన్నగీత, లావుగీత వాటంతటవే పడతాయి. నొక్కితే వచ్చేవి కావు అవి.

ఈ నాలుగు రోజులూ కూడిక గుర్తులే వేశాను. నిలువుగీత, అడ్డగీత రెండూ ఒకే లావులో పడితే కోణం 45. నిలువుది లావెక్కితే అంచు పడుకుంది, అడ్డది లావెక్కితే అంచు నిలబడింది. మొదటి రోజు పదింటికి మూడే సరిగ్గా పడ్డాయి.

జూన్ 30

పైలట్ పారలల్ కలం తెప్పించాను, 2.4 మి.మీ. పాళీది. పాళీ మామూలుగా ఉండదు, రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుంటుంది. చిన్నక్షరం ఎత్తు పాళీ వెడల్పుకి ఐదు రెట్లు ఉండాలి, అంటే 12 మి.మీ. అంత పెద్దగా రాస్తుంటే తప్పులు దాక్కోవడానికి చోటుండదు.

కూర్చునే తీరు కూడా మార్చాను. ఇన్నాళ్లూ మణికట్టు బల్లకి ఆనించి వేళ్లతో గీకేదాన్ని. ఇప్పుడు ముంజేయి మొత్తం బల్ల మీద ఉంచి, పుస్తకాన్ని కాస్త ఎడమకి వంచి, గీత చివరికొచ్చేసరికి చేతికి బదులు కాగితాన్ని పైకి జరుపుతున్నాను. భుజం నొప్పి తగ్గింది. అది ఈ కాగితం జరపడం వల్లేనో, డ్యూటీ మారడం వల్లో ఇంకో నెల చూసి రాస్తాను.

జూలై 14

ఈ రెండు వారాలూ 'ఎన్' ఒక్కటే. నాకు కొరుకుడుపడని అక్షరం అదే కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను.

నా పాత రాతలో 'ఎన్' భుజం కాండం (నిలువుగీత) నెత్తి మీంచి బయల్దేరేది. ఇటాలిక్‌లో అలా కాదు. కాండం కిందికి దిగాక కలం ఎత్తకుండా అదే గీత మీద పైకి పాకుతుంది. సగం ఎత్తు దాటాక పక్కకి విడివడుతుంది, చెట్టు మొదలు నుంచి కొమ్మ చీలినట్టు. తర్వాత పైకి వంగి, మళ్లీ నిటారుగా దిగుతుంది. దీంతో రెండు కాళ్ల మధ్య పైభాగంలో కోసుగా ఉన్న ఒక ఖాళీ ఏర్పడుతుంది. కన్ను 'ఎన్' ని గుర్తుపట్టేది ఆ ఖాళీని చూసే. నేను ఇన్నేళ్లూ గీతల్ని చూసుకుంటూ రాశాను, ఖాళీల్ని ఎప్పుడూ చూడలేదు.

ఈ ఒక్క కొమ్మ పట్టుబడితే 'ఎమ్', 'హెచ్', 'ఆర్', 'బి', 'పి' అన్నీ దారికొస్తాయి. 'ఎన్' ని తలకిందులు చేస్తే 'యు'. 'యు' కి నెత్తిన మూత పెడితే 'ఎ'. 'ఎ' కి కాండం పొడిగిస్తే 'డి', తోక తగిలిస్తే 'జి', 'క్యూ'. ఇరవయ్యారు అక్షరాలు విడివిడిగా దిద్దాలనుకుని భయపడ్డాను, తీరా చూస్తే రెండు కుటుంబాలే ఎక్కువ భాగం. మిగిలిన వాటిలో 'ఎస్' ఒక్కటి ఏ కుటుంబానికీ చెందదు, ఏ మాటా వినదు.

పరీక్షకి 'మినిమమ్' అనే మాట మంచిది. ఇంగ్లిష్‌లో అది మొదటి నుంచి చివరిదాకా నిలువుగీతలే. గీతల మధ్య ఎడం సమానంగా ఉంటే దడి కట్టినట్టు కనిపిస్తుంది. ఒక్క కర్ర దగ్గరైనా తెలిసిపోతుంది. పేజీకి పద్దెనిమిది వరసలు రాశాను. పద్నాలుగో వరసలో మొదటిసారి కాస్త దడిలా వచ్చింది. మా అమ్మాయి వెనక నించుని, "అమ్మా, ఈ వరసలో 'ఎన్' కన్నా నీ 'ఎమ్' నాకు నచ్చింది" అంది. అప్పుడే దానికీ ఒక పెన్సిల్ జత కట్టిచ్చాను.

జూలై 28

గడియారం పెట్టుకుని చూశాను. నిమిషానికి 12 మాటలు, సగం కన్నా తక్కువ.

అంతకన్నా చిక్కు డ్యూటీలో వచ్చింది. సగం పాత రాత, సగం కొత్త రాత కలిసి నోట్సు ఇంకా అధ్వానంగా తయారైంది. ఒక్క వాక్యంలో రెండు రకాల 'ఆర్' లు. చదివేవాళ్లకి ఒక చెత్త రాతకి కళ్లు అలవాటు పడొచ్చు, రెండు చెత్త రాతల కలగలుపుకి పడవు. ఇన్‌ఛార్జ్ మేడమ్ పిలిచి, "ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. విషయం చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "అయితే వార్డులో ముందు అంకెలు మార్చు. అక్షరాలు ఇంటి దగ్గర కుదిరాక తీసుకురా" అన్నారు.

ఈ మొత్తం సాధనలో నాకు దక్కిన మంచి సలహా అది. జీవితంలో ఏదైనా మారుస్తుంటే మొత్తం ఒకేసారి తిరగేసే బుద్ధి నాది.

ఆగస్టు 4

కాబట్టి అంకెలు. పది గుర్తులే, అయినా ఒక వారం వీటికే పోయింది. పోనిమ్మనుకున్నాను. ఎందుకంటే కేస్ షీట్‌లో అక్షరం తప్పు చదివితే పక్క మాటని బట్టి సర్దుకోవచ్చు, అంకెకి ఆ ఆధారం ఉండదు. బీపీ 130 అన్నా 180 అన్నా రెండూ ఉండగలిగినవే.

ఒకటికి తలమీద కొక్కెం, కాళ్ల కింద పీట తీసేశాను. ఒక్క నిలువుగీత. ఏడుకి నడుం మీద అడ్డగీత. నాలుగు నెత్తి మూయడం మానేశాను. మూస్తే వేగంలో తొమ్మిది అవుతుంది. తొమ్మిది తల పూర్తిగా మూసి, కాలు నిటారుగా దించుతున్నాను. ఆరుకి తోక సున్నా కన్నా బాగా పైకి లేవాలి. ఐదుకి టోపీ చివర్లో, కలం ఎత్తి విడిగా పెడుతున్నాను. దాన్ని ఒకే ఊపులో రాస్తే 'ఎస్' లాగో మూడు లాగో దిగుతోంది. ఎనిమిదిని రెండు సున్నాలుగా రాయకుండా ఒకే మెలికగా రాస్తున్నాను, పై సున్నా కాస్త చిన్నది.

రాసే పద్ధతిలోనూ కొన్ని సరిదిద్దుకున్నాను. అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితా ఒకటి పెట్టింది. ఇన్సులిన్ మోతాదు పక్కన యూనిట్లకి బదులు 'యు' ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. 1 అని రాయాల్సిన చోట 1.0 అంటే చుక్క కనబడక 10 అవుతుంది. సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. ఇవి మాకు చదువులో చెప్పినవే. అయినా నా పాత నోట్సు గుర్తు చేసుకుంటే 'యు' ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఈ వారం నుంచి యూనిట్స్ అని పూర్తి మాట రాస్తున్నాను. మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది, గడియారం పెట్టి చూశాను.

ఆగస్టు 11

కాకినాడలో ముసురు పట్టింది. సిరా, కాగితం గురించి తెలిసొచ్చిన వారం.

1.1 మి.మీ. లామీ పాళీకి దిగాను. ఎత్తు 5.5 మి.మీ. సిరా బ్రిల్ రాయల్ బ్లూ. జూన్‌లో శుభ్రంగా రాసిన అదే నోటుపుస్తకం ఇప్పుడు ప్రతి గీత పక్కనా మీసాలు మొలిపిస్తోంది. కాగితం గాలిలో తేమ పీల్చుకుంది. కాగితానికి పైపూత పల్చగా ఉంటే సిరా పీచులోకి పాకిపోతుంది, తేమ ఉంటే ఇంకా పాకుతుంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టడం మొదలుపెట్టాక తేడా కనబడింది. కొత్త కాగితం కొనే ముందు షాపులోనే చివరి పేజీలో ఒక చుక్క పెట్టి పదిసెకన్లు ఆగుతున్నాను. చుక్క గుండ్రంగా నిలిస్తే పుస్తకం కొంటాను, నక్షత్రమైతే కొనను.

ఇంకో రెండు సంగతులు. ఫ్యాను కింద మూత తీసిపెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే పాళీ మొన ఆరిపోయి మొదటి అక్షరం పడదు. అలాగే బొమ్మలు వేసే ఇండియన్ ఇంక్ నల్లగా ముచ్చటగా ఉందని కలంలో పొయ్యకూడదు. అందులోని లక్కలాంటి పదార్థం ఆరి లోపల గడ్డకడుతుంది. ఈ రెండోది పక్కింటి అబ్బాయి కలం చూసి తెలుసుకున్నాను. మూడు రోజులు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టినా అది బాగుపడలేదు.

ఆగస్టు 25

ఒక్కరోజు సెలవు దొరికితే బస్సెక్కి రాజమహేంద్రవరం వెళ్లాను. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. చేత్తో చేసే ఎబొనైట్ కలాలకి పేరున్న ఊరు ఇంత దగ్గర్లో ఉండీ ఇన్నేళ్లూ వెళ్లలేదు. స్వదేశీ వస్తువు ఏదైనా తయారు చెయ్యమన్న గాంధీ మాట పట్టుకుని కె.వి. రత్నం ఈ ఊళ్లో కలాలు చెయ్యడం మొదలుపెట్టారు. ఆయన కలానికి మెచ్చుకోలుగా గాంధీ 1935లో ఉత్తరం రాశారు.

ఎబొనైట్ అంటే రబ్బరుని గంధకంతో కలిపి ఉడికించి గట్టిపరిచిన పదార్థం. కడ్డీగా వస్తుంది, లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. కొత్త కలం ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన ఇంకా వస్తుంది. చేతిలో ప్లాస్టిక్‌లా చల్లగా, జారుడుగా ఉండదు, చెమట చేతికి పట్టు దొరుకుతుంది. నల్లటిది, పొట్టిగా లావుగా ఉన్నది ఒకటి కొన్నాను. దీనికి కార్ట్రిడ్జి ఏమీ లేదు, డ్రాపరుతో సిరా నేరుగా పొట్టలోకి పొయ్యడమే. ఈ రకం కలాలకి ఒక మెళకువ ఉంది. సిరా అడుగంటుతున్నప్పుడు చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ లోంచి బొట్టు జారుతుంది. అందుకని మూడో వంతు మిగిలినప్పుడే మళ్లీ నింపెయ్యాలి. మర దగ్గర కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే కారదు.

పాళీ మామూలు గుండ్రటి మొనదే. ఇటాలిక్‌కి పనికిరాదు. అయినా దీంతో రాస్తుంటే చెయ్యి తేలికపడింది. కాగితం వెనక వేలితో తడిమి చూశాను, గీతలు బొడిపెల్లా తగల్లేదు. నా బాల్‌పెన్ను పేజీ వెనక తడిమితే గుడ్డివాళ్ల లిపిలా ఉంటుంది. అంత బలం ఎందుకు పెడుతున్నానో, ఎప్పట్నించి పెడుతున్నానో తెలియదు.

సెప్టెంబరు 8

ఈ నెల పాళీ అరగదీశాను. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే 1.1 మి.మీ. పాళీ రోజువారీ రాతకి పెద్దది. మామూలు రూళ్ల పుస్తకంలో వరసకీ వరసకీ మధ్య 8 మి.మీ. ఉంటుంది. 5.5 మి.మీ. అక్షరానికి పైకి కొమ్ము, కిందికి తోక చేర్చితే పై వరస తోకలు కింది వరస కొమ్ములకి తగులుతాయి. 0.7 మి.మీ. పాళీ అయితే అక్షరం 3.5 మి.మీ., హాయిగా ఇముడుతుంది. ఆ కొలత షాపులో దొరకలేదు.

స్టీలు పాళీ ఉన్న చవక కలాలు మూడు కొన్నాను, మొన మీది గుండు పెద్దగా ఉన్నవి ఏరి. ఆ గుండు పాళీ లోహం కాదు, అరగకుండా అతికించిన గట్టి మిశ్రలోహపు పూస. పూస ఎంత వెడల్పుంటే అంతవరకే ఇటాలిక్ అంచు వస్తుంది, అరగదీసి పెంచలేం. హార్డ్‌వేర్ షాపులో 2000 నంబరు వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, ఒక షీటు. దాన్ని అద్దం ముక్క మీద పరిచి తడిపాను. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల లెన్సు ఒకటి.

మొదటి పాళీ పాడుచేశాను. ఆత్రం కొద్దీ ముప్పై రుద్దులు ఒకేసారి రుద్దేశాను. లెన్సులో చూస్తే చీలికకి కుడి రెక్క ఎడమ రెక్క కన్నా పొట్టిగా ఉంది. రాస్తే కాగితాన్ని రక్కింది. దాన్ని సరిచెయ్యబోయి పూస మొత్తం పోగొట్టాను.

రెండోదానికి లెక్క పెట్టుకున్నాను: ఐదు రుద్దులు, ఒక చూపు, ఒక వరస రాత. కలాన్ని రాసేటప్పుడు పట్టుకున్నట్టే వాటంగా పట్టుకుని, బరువు పెట్టకుండా, కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. అలా పూస అడుగు చదునవుతుంది. తర్వాత పాళీని బోర్లా తిప్పి దాదాపు పడుకోబెట్టి పైభాగం పల్చన చెయ్యాలి. పైనా కిందా రెండూ కలిసే చోట అంచు తేలుతుంది. ఆ అంచు కత్తిలా ఉంటే సన్నగీత వెంట్రుకలా వస్తుంది గానీ కొంచెం కోణం తప్పితే కాగితంలో దిగబడుతుంది. డ్యూటీ వేగానికి అది పనికిరాదు. అందుకే రెండు మూలలూ, అంచూ ఇంకా సన్నటి పాలిషింగ్ కాగితం మీద లెక్కగా పది పదిసార్లు మొద్దుబార్చాను. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే సాయంత్రం కాఫీ వేళకి అయింది.

ఐదు గీతలు పక్కపక్కన ఆనించి గీసి స్కేలుతో కొలిచాను. మూడున్నర మి.మీ. అంటే 0.7. ఆ పూట ఇంట్లో ఎవరు మాట్లాడినా నాకు వినపడలేదు. వరసగా నాలుగు పేజీలు రాశాను.

వేగం 17.

సెప్టెంబరు 29

తెలుగు కూడా ఈ పాళీతో రాద్దామని కూర్చున్నాను. అమ్మకి రెండు పేజీల ఉత్తరం. బాగా రాలేదు. తలకట్టు మేకులా లావుగా పడింది, ఒత్తుల పొట్టలు సిరాతో నిండిపోయాయి. తెలుగక్షరం తాటాకు మీద గంటంతో గీసినప్పుడు పెరిగిన అక్షరం. గంటం మొనకి వెడల్పు లేదు, కాబట్టి లావూ సన్నమూ లేవు. గుండ్రటి తిరుగుడే దాని అందం. 45 డిగ్రీల అంచు ఆ తిరుగుడుని అడ్డంగా కోస్తుంది. ఎబొనైట్ కలం గుండ్రటి పాళీతో మళ్లీ రాశాను, అప్పుడు అమ్మ చదవగలిగేలా వచ్చింది.

అయితే ఖాళీల పాఠం ఇక్కడా పనికొచ్చింది. నా 'ప' కి తలకట్టు పక్క గీతకి తగిలిపోయి 'వ' అయ్యేది. ఇప్పుడు ఆ మధ్యనున్న సందు కోసం చూస్తూ రాస్తున్నాను. తెలుగులో అక్షరం చూడగానే ఫలానావారిదని చెప్పగలిగేంత సొంత రాత బాపుది. ఆ రాత ఫాంటుగా కూడా వచ్చింది. శుభలేఖల మీద చూసినప్పుడల్లా ఆ అక్షరాల మధ్య ఆయన వదిలిన జాగాలు చూడాలనిపిస్తోంది ఇప్పుడు.

అక్టోబరు 13

అసలు పరీక్ష. వార్డులో ఫౌంటెన్ పెన్ను కుదరదు. రాయల్ బ్లూ నీళ్లకి కరిగిపోయే సిరా. శానిటైజరు తడి ఆరని చేత్తో పట్టుకున్నా, సెలైను బొట్టు పడినా రికార్డు పోతుంది. కింద కార్బన్ కాపీ ఉండే కాగితాలకి నొక్కి రాయక తప్పదు. కాబట్టి బాల్‌పెన్నే. ఇన్నాళ్ల సాధన ఆ పెన్నులోకి దిగుతుందా అని జూన్ నుంచీ నా అనుమానం.

మొదటి మూడు రోజులు దిగలేదు. బాల్‌పెన్ను పట్టుకోగానే వేళ్లు పాత పట్టులోకి వెళ్లిపోయి బిగుసుకున్నాయి. అప్పుడు ఇంటి దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఒక వరస పాళీతో, దాని కిందే అదే వాక్యం బాల్‌పెన్నుతో. రోజుకి ఇరవై వరసలు. పదో రోజుకి చెయ్యి కలిసింది. బాల్‌పెన్నులో లావు సన్నం ఉండవు, సొగసంతా పోతుంది. ఆకారం మాత్రం నిలబడింది: కొమ్మ సగం ఎత్తులో చీలుతోంది, 'ఎ' నెత్తి మూసుకుంటోంది, వాలు ఒకేలా ఉంది. జూన్‌లో నాకు కావాల్సింది ఇదే.

ఇంకొకటి గమనించాను. ఇటాలిక్‌లో అన్ని అక్షరాలూ కలపాల్సిన పని లేదు. 'జి', 'వై', 'క్యూ' తర్వాత చెయ్యి ఎత్తేయొచ్చు. మాట మధ్యలో ఆ చిన్న ఎత్తులు చేతికి విశ్రాంతి. రాత్రి మూడింటికి రాసిన నోట్సు కూడా పదింటికి రాసినట్టే ఉంటోంది.

భుజం నొప్పి గురించి జూన్‌లో రాసి వదిలేశాను. నైట్ డ్యూటీలు మళ్లీ వచ్చినా నొప్పి రాలేదు కాబట్టి, కాగితం జరపడమే కారణమని ఇప్పుడు రాసుకుంటున్నాను.

నవంబరు 3

జూన్ నాటి అదే పరీక్ష, వేరే వార్త, 200 మాటలు, బాల్‌పెన్ను. మా అమ్మాయి మూడు చోట్ల ఆగింది. మూడూ 'ఎస్' లే. వేగం 23. పాత వేగానికి ఇంకా మూడు మాటలు తక్కువ. నాకు బాధ లేదు, ఆ మూడు మాటల సమయం జూనియర్ ఫోను చెయ్యడానికీ నేను నిద్రలేచి జవాబు చెప్పడానికీ పట్టే సమయం కన్నా తక్కువే.

'ఎస్' కి ఈ నెలంతా ఇస్తాను. మధ్యలో వంపుని ఎక్కువ తిప్పుతున్నాననుకుంటా. ఆ గీతని దాదాపు వాలు గీతలా, చదునుగా వేసి, పైనా కిందా చిన్న వంపులు చేర్చి చూడాలి.

నిన్న అప్పగింతల దగ్గర ఆ జూనియర్ షీటు చూస్తూ, "అక్కా, నాకూ అలాంటి కలం ఒకటి చేసిపెట్టవా?" అని అడిగింది. మూడో చవక కలం ఇంకా అలాగే ఉంది. కానీ ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. నా పాళీలా అంచు నేరుగా కోస్తే ఆమె చేతికి కోణం కుదరదు, ఏటవాలుగా కొయ్యాలి. ఎంత వాలు కావాలో ఆమె రాస్తుండగా పక్కన కూర్చుని చూస్తే గానీ తెలియదు. బుధవారం ఇద్దరికీ డే డ్యూటీ. భోజనాల వేళ ఒక కాగితం, జంట పెన్సిళ్లు పట్టుకెళ్లి ఆమె చేత కూడిక గుర్తులు వేయిస్తాను.